సేటు దస్తీ

తొర్రూరు బస్టాండు బయట కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో సేటు కనిపించాడు. దాని మీది తేదీ చూస్తే పదో రోజు కర్మ జరిగి కూడా మూడు వారాలు దాటింది. పై మూల తాడు తెగి ఫ్లెక్సీ సగానికి మడతపడింది. గాలి వచ్చినప్పుడల్లా ఆయన ముఖం కనిపిస్తోంది, మళ్లీ మడతలోకి పోతోంది. తెల్లచొక్కా, నుదుట చిన్న బొట్టు, నమస్కారం పెట్టిన చేతులు. చొక్కా జేబులో చేతిరుమాలు, మేం దస్తీ అంటాం, దాని అంచు బయటికి వేలాడుతోంది. లోపలికి తోసుకొమ్మని ఫొటో తీసినవాడు చెప్పే ఉంటాడు. ఈయన వినిపించుకుని ఉండడు.

కింద పెద్ద అక్షరాలతో పేరు ఉంది. నాలుగైదు నెలల పాటు వారానికి రెండు సాయంత్రాలు నా చెయ్యి పట్టుకుని ఆడిన మనిషి పేరు నాకు ఆ రోజే తెలిసింది. ఇక్కడ రాయను. క్లాసులో అందరికీ ఆయన సేటే, నాకూ సేటే.

నేను జనగామ దవాఖానలో మందులిచ్చే ఉద్యోగిని. తొర్రూరు దవాఖానలో ఆ పని చేసే అమ్మాయి సెలవు పెడితే మూడు రోజులు నన్ను అక్కడికి పంపారు. మూడో రోజు పని ముగించుకుని తిరుగు బస్సు కోసం వచ్చి, ఆ స్తంభం కింద నిలబడిపోయాను. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది కూడా. నేను ఎక్కలేదు.

జనగామలో సాల్సా నేర్పేవారంటే ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు. స్టేషన్ రోడ్డులో టైల్స్ దుకాణం పైన ఒక హాలు ఉండేది. మిగతా రోజుల్లో పిల్లలు అక్కడ సినిమా పాటలకు గంతులేసేవాళ్లు. శని, ఆదివారాలు సాయంత్రం ఐదింటికి పెద్దల బ్యాచ్. హన్మకొండ నుంచి ఒక మాస్టరు రైల్లో వచ్చి నేర్పేవాడు. మేం ఎనిమిది మందిమి: నలుగురు ఆడవాళ్లం, నలుగురు మగవాళ్లు. అరవై దాటినవాడు సేటు ఒక్కడే. అందరికన్నా ముందొచ్చేవాడూ ఆయనే.

వచ్చీ రాగానే చెప్పులు గుమ్మం వైపు మొనలు పెట్టి విడిచేవాడు. చేసంచిని కిటికీ ఊచకు తగిలించి, ఉంగరం తీసి జేబులో వేసుకుని, గోడ పక్కన నిలబడేవాడు.

"ఇప్పుడే ఉరికేటట్టు చెప్పులు పెడ్తరేంది సేటూ?" అని ఒకసారి ఆటపట్టించాను.

"తొర్రూరు బస్సు తప్పితే ఇంట్ల జవాబు చెప్పాలె బిడ్డా. యోగాకు పోతున్ననని చెప్పొచ్చిన."

"యోగానా?"

"యోగా అంటే ఎవ్వరేమనరు. గిదని తెలిస్తే ఊరంత నవ్వుతది. వరంగల్ల అయితే అంత మా చుట్టాలే. గందుకే ఇంత దూరమొచ్చిన."

ఏం దుకాణమని నేను అడగలేదు. సేటంటే కిరాణమేనని నా మటుకు నేను అనేసుకున్నాను. మనుషుల గురించి అలా అనేసుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

సాల్సాలో ఎనిమిది లెక్క. మూడు అడుగులు వేసి నాలుగుకు ఆగాలి, మళ్లీ మూడు వేసి ఎనిమిదికి ఆగాలి. మాస్టరు "వన్ టూ త్రీ... ఫైవ్ సిక్స్ సెవెన్" అని చప్పట్లు కొట్టేవాడు. మొదటి రోజే సేటు చెయ్యెత్తాడు.

"నాలుగు ఎటు పాయె సారూ?"

"నాలుగు ఉంటది అంకుల్. కాకపోతే అడుగు వెయ్యం, ఆగుతం."

"ఆగుడు గుడ లెక్కల్నేనా?"

"లెక్కల్నే."

సేటు కాసేపు ఆలోచించి తల ఊపాడు. ఆ తర్వాత ఇంగ్లీషు అంకెలు మాస్టరుకే వదిలేసి తన లెక్క తాను పెట్టుకున్నాడు. కాటా దగ్గర సావుకార్లు మొదటి తూకాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ నోటితోనే సేటు "లాభం, రెండు, మూడు" అని అడుగులేసి, నాలుగు దగ్గర పెదాలు బిగించి స్తంభంలా నిలబడేవాడు. మా బ్యాచ్‌లో ఉన్న బ్యాంకు మేడం నవ్వు ఆపుకోలేక తన లెక్క తప్పేది. సేటు లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఆయనకు ఇంకో ఇబ్బంది ఉండేది. ఈ ఆటలో మగవాడు తన ఎడమ చేత్తో ఆడమనిషి కుడి చెయ్యి పట్టుకోవాలి. ఆడమనిషికి ఎడమ చెయ్యి చాపడం సేటుకు ఏమాత్రం మింగుడుపడలేదు. ప్రతిసారీ, ప్రతి ఒక్కరికీ, "ఎడమ చెయ్యి, ఏమనుకోకు బిడ్డా" అని చెప్పి గానీ చాపేవాడు కాదు.

నేను ఆ క్లాసులో ఎందుకు చేరానో కూడా చెప్పాలి. షుగర్ వచ్చే దారిలో ఉంది, రోజూ నడవమని మా డాక్టరమ్మ చెప్పింది. నేను ఒక్కదాన్నే వండుకుంటాను, ఒక్కదాన్నే తింటాను, ఒక్కదాన్నే టీవీ చూస్తాను. నడక కూడా ఒక్కదాన్నేనా అనిపించింది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అడగడం మానేసిన వయసు నాది. దవాఖానలో నా కిటికీకి కింద జానెడు సందు ఉంటుంది. అందులోంచి చీటీ లోపలికి వస్తుంది, మందులు బయటికి పోతాయి. పొద్దున్నుంచి ఎన్ని చేతులు చూసినా ఒక్క చెయ్యీ తగలదు. సాల్సా బోర్డు మీద ఒక ఆడా ఒక మగా చేతులు పట్టుకుని నిలబడ్డ బొమ్మ ఉండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ బొమ్మ చూసే మెట్లెక్కాను.

పాట సగంలో మాస్టరు "చేంజ్" అనేవాడు. మగవాళ్లు కుడివైపు ఒక మనిషి జరిగేవాళ్లు. అంటే ప్రతి మూడు నిమిషాలకూ ఒక కొత్త చెయ్యి. బ్యాంకు మేడం భర్త చెయ్యి మెత్తగా, చల్లగా ఉండేది. జిమ్ము నడిపే ఆయన పట్టుకుంటే వేళ్లు నలిగేవి. ఇంకొకాయన ఆడుతూనే ఫోను చూసుకునేవాడు. సేటు చెయ్యి గరుకు, కానీ బరువు ఉండేది కాదు. ఇంటికి వెళ్లాక చాలాసేపు నా కుడి చెయ్యి నాకు గుర్తుండేది. శని, ఆదివారాల కోసం సోమవారం నుంచే ఎదురు చూసేదాన్ని.

సంక్రాంతి దాటాక ఒక శనివారం సేటు అడిగాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"మానుకోట దిక్కు. తండా."

"ఓహో," అని ఊరుకున్నాడు. మాస్టరు చేంజ్ అన్నాడు.

మర్నాడు ఆదివారం, సేటు నా దగ్గరికి వచ్చే వంతు రాగానే జేబులోంచి దస్తీ తీశాడు. నాలుగు మడతలు పెట్టి ఎడమ అరచేతిలో పరుచుకున్నాడు. ఆ దస్తీ మీదుగా నా చెయ్యి అందుకున్నాడు. కొబ్బరినూనె వాసన వచ్చింది. ఆ రోజు "ఏమనుకోకు బిడ్డా" అన్నాడో లేదో నాకు వినపడలేదు. నా చెవులు హోరెత్తిపోయాయి.

చిన్నప్పుడు మా అమ్మతో, మా భాషలో యాడితో, మానుకోట దుకాణాలకు వెళ్లేదాన్ని. దుకాణంలో సావుకారి బెల్లం పొట్లాన్ని పైనుంచి వదిలేవాడు, మా యాడి రెండు చేతులూ దోసిలి పట్టి అందుకునేది. ఎప్పుడూ కింద పడనిచ్చేది కాదు. నేను చదువుకుని, ఉద్యోగం చేసి, నా సొంత జీతంతో నేర్చుకుంటున్న చోట మళ్లీ అదే పొట్లం పైనుంచి పడినట్టయింది. వారం వారం ఆ దస్తీ వచ్చింది. నేను ముఖం పక్కకు తిప్పుకుని ఆడాను. మిగతా ఆడవాళ్ల దగ్గర ఆయన చేతిలో ఏముందో ఒక్కసారైనా తిరిగి చూడలేదు. నాకు నా చెయ్యి ఒక్కటే కనపడింది.

ఆ కోపం మార్చి నెలలో ఒక శనివారం బయటపడింది. మాస్టరు కొత్తగా ఒక తిరుగుడు నేర్పాడు. మగవాడు చెయ్యి పైకెత్తితే ఆ చేతి కింద ఆడమనిషి గిర్రున తిరగాలి. నేను తిరిగేసరికి మధ్యలో దస్తీ జారి కింద పడింది. సేటు తీసుకోబోయాడు. నేను ముందే వంగి తీసి కిటికీ వైపు విసిరికొట్టాను.

"నా చెయ్యి ముడితే మైలబడ్తరా సేటూ? మా తండోళ్ల చెయ్యి గంత పాపం చేసిందా? గంత మడి ఉంటే ఇంట్లనే ఆడుకోవాలె, గీడిదాక ఎందుకొచ్చినట్టు?"

మాస్టరు పాట ఆపేశాడు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. సేటు తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

"గట్ల కాదు బిడ్డా..."

"మరెట్ల?"

చెప్పడానికి నోరు తెరిచాడు, చుట్టూ చూశాడు, మూసుకున్నాడు. నేను ఆగలేదు. ఆయన ఎడమ చెయ్యి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. "పాట పెట్టుండ్రి సార్," అన్నాను. ఏం చెయ్యాలో తోచక మాస్టరు పెట్టాడు. ఆడాం. నిజం చెప్పాలంటే నేను ఆ హాల్లో ఆడినవాటిలో మంచి ఆట అదే. సేటు లెక్క ఒక్కటీ తప్పలేదు, నాలుగు దగ్గర ఇద్దరం కలిసి ఆగాం. పాట అయ్యాక ఆయన మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"చేతులు కడుక్కో బిడ్డా."

ముట్టుకున్నదీ కాక కడుక్కోమంటాడా! ఒళ్లు భగ్గుమంది. కడుక్కోలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి నా గదికి వచ్చేశాను. తలుపు వేసుకుని, మంచం మీద కూర్చుని, చాలాకాలానికి ఏడ్చాను. ఏడుస్తూ కుడి చేత్తో కళ్లు తుడుచుకున్నాను.

అంతే. రెండు కళ్లలోనూ నిప్పులు పోసినట్టయింది.

ఆ మంట నాకు తెలుసు. ఎవరూ చెప్పనక్కరలేదు. మా యాడి ఏటా మిరప చేలలో కాయ ఏరడానికి కూలికి పోయేది. ఆ నెలల్లో మమ్మల్ని ముట్టుకునేది కాదు. నా ముక్కు కారితే వేళ్లకు పైట చుట్టుకుని తుడిచేది. నేను ఒళ్లో ఎక్కబోతే మోచేతులతో ఎత్తుకునేది. పడుకునే ముందు నూనె రాసుకుని, శనగపిండితో రుద్ది కడుక్కుని, అప్పుడు కూడా ముందు తన కంటి కింద వేలు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే నా చెంప తాకేది. అలాంటి తల్లి కడుపున పుట్టి, కొబ్బరినూనె వాసన ముక్కుకు తగులుతున్నా, సంక్రాంతి తర్వాత కొత్త మిర్చి వస్తుందన్న సంగతి కూడా నాకు తట్టలేదు. ఆ సాయంత్రం కళ్ల మంట తగ్గడానికి గంట పట్టింది. సిగ్గు తగ్గలేదు.

మరుసటి రోజు సేటు రాలేదు. ఆ వెనక వారమూ రాలేదు. బ్యాంకు మేడం నన్ను పక్కకు పిలిచింది.

"ఆయనది మిర్చి వ్యాపారం గద. సీజన్ల చేతులు మండుతయని మా అందరికి దస్తీ మీదనే చెయ్యి ఇస్తుండె. నీకు చెప్పలేదా?"

బహుశా చెప్పాడు. చెవులు హోరెత్తిన ఆ ఆదివారం చెప్పే ఉంటాడు. మాస్టరును అడిగి ఫోన్ నంబరు తీసుకున్నాను. ఎవరో ఆడమనిషి ఎత్తి "ఎవలు?" అంది. ఎవరినని చెప్పను? ఇంట్లో యోగా అని చెప్పుకున్న మనిషి. ఫోను పెట్టేశాను. కిటికీ ఊచల మధ్య పడి ఉన్న దస్తీని ఉతికి, మడత పెట్టి, నా సంచిలో దాచుకున్నాను. ఆయన వస్తే రెండే రెండు ముక్కలు చెప్పాలి: తప్పయింది సేటూ. అవి చెప్పే అవకాశం దొరికితే చాలనిపించింది.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం వచ్చాడు. గుమ్మం వైపు చెప్పులు, కిటికీకి చేసంచి, జేబులోకి ఉంగరం. నా వంతు వచ్చేసరికి రెండు అరచేతులూ చూపించాడు.

"పంట అయిపోయింది బిడ్డా. చేతులు సల్లబడ్డయ్," అని, "ఎడమ చెయ్యి, ఏమనుకోకు," అన్నాడు.

పాట మధ్యలో క్షమాపణ ఎలా చెబుతాం? క్లాసు అయ్యాక ఆయన వెంట బస్టాండు దాకా నడిచాను. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. నేను సంచిలోంచి దస్తీ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని మోకాలి మీద పరిచి, మడతలు సాపు చేస్తూ, నేను అడగకుండానే చెప్పాడు.

"మా ఇంటామెకు మిర్చి ఘాటు పడకపోయేది. నేను కాయ ఇరిసి చూడందే సరుకు కొనను. నా చెయ్యి తాకితె చాలు, మంట అని జరుగుతుండె. సీజన్ల నేను ముంగటి అర్రల పండుకునేటోన్ని. ముప్పై ఏండ్లు గట్లనే గడిచింది. మాకేం కొట్లాటలు లేవు బిడ్డా. మంచిగనే ఉన్నం."

పెదాలు బిగించాడు, నాలుగు దగ్గర ఆగినట్టే.

"ఆఖరికి దవాఖానల పండవెట్టినం. వానకాలం. దుకాణంల మిర్చి గింజ లేదు. పక్కన కూసొని చెయ్యి పట్టుకున్న. సోయి లేదామెకు, కండ్లు తెరుస్తలేదు. గుంజుకున్నది. అలవాటు గద. గంతే, మళ్ల పట్టుకుందామంటే నాకు ధైర్యం చాల్లేదు."

ఆయన దస్తీని మళ్లీ నాలుగు మడతలు పెట్టాడు.

"జనగామ మీదికెళ్లి పోతుంటే బస్సులకెళ్లి ఆ బోర్డు కనవడ్డది. చెయ్యి పట్టుకునుడు నేర్పుతరేమో అనుకున్న," అని నవ్వాడు.

అప్పుడు చెప్పాల్సింది. రెండు ముక్కలు. ఆయన అంత చెప్పాక నా ముక్కలు మరీ చిన్నవిగా కనిపించాయి. ఇంకాస్త మంచిగా, ఇంకాస్త నిదానంగా వచ్చే శనివారం చెబుదామనుకున్నాను. ఇంతలో తొర్రూరు బస్సు వచ్చింది. ఆయన గబగబా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు, దస్తీ జేబులో పెట్టుకున్నాడు, సగం బయటికే. "పైలం బిడ్డా," అన్నాడు.

వచ్చే శనివారం అంటూ లేకుండా పోయింది. మాస్టరుకు హైదరాబాదులో పని దొరికింది. హాలుకు తాళం పడింది. నేను వరుసగా రెండు వారాలు వెళ్లి ఆ తాళం చూసి వచ్చాను. ఫోను చెయ్యొచ్చు కదా అంటారు. చెయ్యలేదు. ఇంట్లో ఏమనుకుంటారోనన్నది సాకు. నాకు ధైర్యం చాల్లేదన్నదే నిజం. ఆ తర్వాత పది నెలలు నా కుడి చేతిని ఎవరూ పట్టుకోలేదు. సోమవారం నుంచి ఎదురు చూడటానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఇదంతా తలుచుకున్నాక పాన్ డబ్బా అతణ్ని ఇల్లు అడిగాను. రెండు సందుల అవతలే. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, అందులో ఎర్రటి కుప్పల ముందు కూర్చుని నలుగురు ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు వేరు చేస్తున్నారు. మళ్లీ సీజను వచ్చింది. ఘాటుకు ముక్కు అదిరింది. వాళ్ల మధ్య నుంచి ముప్పై ఏళ్ల మనిషి ఒకామె లేచి వచ్చింది. మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి చేతులు.

"ఎవలు కావాలక్కా?"

"ఫ్లెక్సీ చూసి వచ్చిన. సేటు నాకు ఎరుక. జనగామల."

"జనగామల్నా? మా మామయ్యకు జనగామల ఎవరున్నరు..." అని ఆగి, "యోగా కాడనా?" అంది.

నిజం నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"ఔ. యోగా కాడ్నే."

ఆమె ముఖం విచ్చుకుంది. "ఆ యోగా మంచిగ పట్టుకున్నడక్కా. అది బందయినంక గుడ ఇడిసిపెట్టలే. పొద్దుగాల వంటింటి ముంగట నిలవడి లాభం, రెండు, మూడు అనుకుంట ముందుకొక అడుగు, ఎనుకకొక అడుగు. నడుమ ఆగుతుండె. ఎందుకు ఆగుతరు మామయ్యా అంటే, ఆగుడు గుడ లెక్కల్నే బిడ్డా అంటుండె. ఎడమ చెయ్యి గిట్ల ఎత్తిపెట్టుకొని ఉంటుండె. ఎవరన్న పట్టుకున్నట్టు. ఏం ఆసనమక్కా అది?"

ఆమె చూపించడానికి ఎత్తిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దక్కా, మంట! మిర్చి చేతులు," అని గుంజుకోబోయింది.

"ఎరుకే. మా యాడి గుడ మిర్చి ఏరేది," అన్నాను. వదలలేదు. "తప్పయింది," అన్నాను.

"దేనికక్కా?"

"వచ్చుడు ఆలస్యమైంది."

ఆమె చెయ్యి గుంజుకోవడం మానేసింది. ఇద్దరం షెడ్డు ముందు అలాగే కాసేపు నిలబడ్డాం.

చేతులు కడుక్కుని పొమ్మని, నూనె తెస్తానని ఆమె లోపలికి వెళ్లబోయింది. బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను. కిటికీ పక్క సీటు దొరికింది. చేతులు రెండూ ఒళ్లో బోర్లించుకుని కూర్చున్నాను. పాలకుర్తి దాటేదాకా కళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.